మాఫీ కాని అప్పు

గల్ఫ్ నుండి తిరిగివచ్చిన వారిని మా ప్రాంతంలో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న "ఎన్నేండ్లున్నవు?" అనే. చివరి నెలలు ఎలా గడిచాయని అడిగినవారు మాత్రం నాకింతవరకు తారసపడలేదు. ప్రవాసం లోతు తెలిసివచ్చేది ఆ నెలల్లోనేనని నా అనుభవం. నాకవి 2007 వేసవిలో, దుబాయిలో గడిచాయి.

మాది జగిత్యాల. అప్పటికి అది కరీంనగర్ జిల్లాలో ఒక పట్టణం. (జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలైనది 2016 అక్టోబరులో. కోరుట్ల ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది.) దుబాయిలో ఒక చిన్న సంస్థలో లెక్కలు రాసే కొలువు నాది. ఇక చాలుననిపించి రాజీనామా ఇచ్చాను. ఆగస్టు నడుమ ప్రయాణం. సరిగ్గా ఆ జూన్‌లోనే యు.ఎ.ఇ. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. వీసా గడువు దాటిపోయినవారు జరిమానా కట్టకుండా, జైలుకు పోకుండా స్వదేశానికి వెళ్ళిపోవచ్చునన్నది దాని సారాంశం. పాసుపోర్టు చేతిలో లేనివారు 'అవుట్‌పాసు' తెచ్చుకోవాలి. అది ఒక్కసారి ఇంటికి చేరడానికి మాత్రమే పనికివచ్చే కాగితం. దరఖాస్తులు నింపడానికి చదువు వచ్చినవారు కావాలని మిత్రులు పిలిస్తే ప్రతి శుక్రవారం వెళ్ళడం మొదలుపెట్టాను.

వెళ్ళేది ఎక్కువగా సోనాపూర్‌కు. హిందీలో ఆ పేరుకు బంగారు ఊరని అర్థం. దుబాయిలో మాత్రం అది వేలాది కూలీలు మంచం మీద మంచం వేసుకుని నిద్రపోయే క్యాంపుల ప్రాంతం. అక్కడే 'ఖల్లివల్లి'లను దగ్గరగా చూశాను. అరబ్బీలో "పోనీ, వదిలెయ్" అన్నట్టుగా వాడే మాట అది. మనవాళ్ళ నోట అది కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ తిరిగే మనిషికి పేరైపోయింది.

క్షమాభిక్ష అనగానే వీళ్ళంతా పరుగున వస్తారని నేననుకున్నాను. వచ్చారు కూడా. కానీ దరఖాస్తు నింపించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ కనబడకుండా పోయినవారు తక్కువేమీ లేరు. వారిలో ముగ్గురు నాకు బాగా గుర్తున్నారు. ఒకరిది జగిత్యాల దగ్గర రాయికల్ వైపు పల్లె. బోర్లు వేసి వేసి, నీళ్ళు పడక, భూమి తాకట్టు పెట్టి వచ్చాడు. ఇంకొకరిది సిరిసిల్ల, సాంచాల మీద పని చేసి, కూలి గిట్టక, ఇల్లు గడవక వచ్చాడు. మూడో అతనిది కోరుట్ల. భార్య బీడీలు చుడుతుంది. విజిట్ వీసా మీద తెచ్చిన ఏజెంటు మాట తప్పడంతో దిగిన రెండో నెలకే ఖల్లివల్లి అయ్యాడు.

"సర్కారే మాఫీ చేసింది గదా, ఎందుకు పోవు?" అని కోరుట్ల అతన్ని అడిగాను.

"ఈ సర్కారు మాఫీ చేసింది సారూ. మా ఊరి షావుకారి చేసిండా?" అన్నాడు.

లెక్కలు రాసేవాడిని కనుక ఆ రాత్రి కాగితం మీద ఒక లెక్క వేసి చూశాను. లక్ష రూపాయల అప్పు, నూటికి నెలకు 3 రూపాయల మిత్తి. జీతం 600 దిర్హాములు, తిండికి 200. మిగిలే 400 దిర్హాములు అప్పటి ధరకు సుమారు 4,400 రూపాయలు. అందులో మొదటి నెల మిత్తికే 3,000 పోతుంది. ఇంటికి ఒక్క రూపాయి పంపకపోయినా ఆ బాకీ తీరడానికి 39 నెలలు పడుతుంది. 2002 ప్రాంతంలో దిర్హాము 13 రూపాయలుండేది. 2007కు 11కు దిగింది. పాత ధరే ఉంటే అదే అప్పు 30 నెలల్లో తీరేది. రూపాయి బలపడిందని పత్రికలు సంతోషించిన ఆ కాలంలో, ఆ బలం సోనాపూర్‌లోని మనిషి మీద తొమ్మిది నెలల బరువై కూర్చుంది.

ఇది రోజూ పని దొరికే మనిషి లెక్క. ఖల్లివల్లికి ఆ భరోసా కూడా లేదు.

నా సొంత సన్నాహాలు వాటి దారిన అవి సాగాయి. అట్టపెట్టె, నైలాను తాడు, లావు కలంతో రాసిన పేరు, కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్ సీసాలు. ఆ పెట్టెలో సగం ఇతరుల సామానే. కోరుట్ల అతను ఏ సామానూ ఇవ్వలేదు. ఎనిమిది నెలలుగా ఇంటికి పైసలు పంపలేదట. ఆ సిగ్గుతో ఫోను చేయడం కూడా మానేశాడు. "పానం మంచిగనే ఉన్నదని చెప్పు సారూ, చాలు" అన్నాడు.

బేగంపేట విమానాశ్రయంలో దిగి ఇల్లు చేరిన మూడోనాడు కోరుట్ల వెళ్ళాను. అతని భార్య చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. చెప్పమన్న మాట చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. "అప్పు సంగతి నన్ను అడుగుమన్నడా అన్నా?" అంది. లేదన్నాను. "మిత్తి నేను కడుతనే ఉన్న. బీడీల పైసలు, మా తల్లిగారు ఇచ్చిన పైసలు. ఆయనకు ఎర్కలేదు, ఫోనే చెయ్యకపాయె. మనిషిని రమ్మను. అసలు సంగతి ఇద్దరం కలిసి చూసుకుంటం" అంది.

పేరుకుపోతోందని అతను భయపడుతున్న మిత్తి అసలు పేరుకోలేదు! దుబాయి మిత్రుడికి ఫోను చేసి, అతన్ని వెతికించి, ఆమెతో మాట్లాడించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ మాటల్లో నేను విన్నది ఇటు వైపు మాత్రమే. "ఆఁ... ఆఁ... రా" అన్నది ఆమె. అంతే. ఆ నెలాఖరులోగా అతను అవుట్‌పాసు తీసుకున్నాడు.

రాయికల్ అతను కూడా వచ్చాడు; ఏడాది తిరగకముందే భూమి విడిపించుకోవాలని బహ్రెయిన్‌కు వెళ్ళిపోయాడు. సిరిసిల్ల అతను అప్పుడు రాలేదు. 2012 డిసెంబరులో మొదలైన మరో క్షమాభిక్షలో వచ్చాడు. అంటే ఇంకొక అయిదేళ్ళు దాక్కుని బతికాడన్న మాట. వచ్చేసరికి కొడుకు మీసాలవాడైనాడు.

ఆ దేశం 2018లోనూ, మళ్ళీ 2024లోనూ క్షమాభిక్షలు ప్రకటించింది. ఒకసారి ఖాళీ అయిన చోటు మళ్ళీ మళ్ళీ ఎందుకు నిండుతోందన్న ప్రశ్నకు జవాబు దుబాయిలో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం మన ఊళ్ళలోని ప్రామిసరీ నోట్లలో ఉంది. నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించకూడదని నిబంధన ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంది. కానీ ఆ బీమా ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో పనికి వెళ్ళేవారికి. విజిట్ వీసా మీద వెళ్ళినవాడు ఈ రెంటికీ బయటే ఉండిపోతాడు.

ఇప్పటికీ మా వాడకట్టులో ఎవరైనా గల్ఫ్‌కు పోతున్నానని చెప్పవస్తే నేను జీతమెంతని అడగను. అప్పెంత, ఎవరి దగ్గర, మిత్తి ఎంత, ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసా అని అడుగుతాను. మొదటి మూడింటికీ వెంటనే జవాబు వస్తుంది.