చేతులు కట్టుకుంటే కాన్ఫిడెన్స్ లేనట్టేనా?

సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగుల్లో ఒక స్లైడు తరచూ కనిపిస్తుంది. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, మిగతా 55 బాడీ లాంగ్వేజీదే అని. ఈ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 ప్రయోగాలది. ఆయన చూసింది విడి మాటలు పలికినప్పుడు ఇష్టం, అయిష్టం ఎలా తెలుస్తాయనే. డిజైన్ రివ్యూకి అది అతకదు. 2010 నాటి "పవర్ పోజు" కథా అంతే. అలా నిలబడితే హార్మోన్లు మారతాయన్నారు, 2015లో 200 మందితో మళ్ళీ చేసి చూస్తే తేలలేదు.

మరి భంగిమతో పనే లేదా? ఉంది. మా గిద్దలూరు వైపు పెద్దాళ్ళ ముందు చేతులు కట్టుకుని, కళ్ళలోకి చూడకుండా మాట్లాడితే "బుద్ధిమంతుడు" అంటారు. అదే కుర్రాడు బెంగుళూరు ఇంటర్వ్యూలో అలాగే కూర్చుంటే "కాన్ఫిడెన్స్ లేదు" అని రాసేస్తారు. ఒక ప్యానెల్లో కూర్చున్నప్పుడు ఆ మాట నా చెవులతో విన్నాను. ఆ అబ్బాయి కోడు మాత్రం శుభ్రంగా రాశాడు!

అది భయం కాదండీ, ఇంకో భాష. ఇంగ్లీషు నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకోవచ్చు. కుర్చీ అంచున కాకుండా వెనక్కి ఆనుకుని కూర్చోండి. అడిగినవాళ్ళ ముఖం చూసి జవాబు చెప్పండి. అర్థం కాకుండా తల ఊపకండి. వీడియో కాల్లో మాట్లాడేటప్పుడు కెమెరా వంక చూడండి. ఊరెళ్ళాక మళ్ళీ చేతులు కట్టుకోండి, తప్పేం లేదు.

ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకీ ఒక మాట. వంగిన భుజాలకి మార్కులు కోసేముందు, దయచేసి ఇంకో ప్రశ్న అడిగి చూడండి.