వదినతో డార్జిలింగ్

ఏప్రిల్ 20, రాత్రి

న్యూ జల్పాయ్‌గురి నుంచి షేర్ జీపు. కింద ఉక్కపోత, కర్సియాంగ్ దాటగానే స్వెట్టర్లు. రోడ్డు వెంబడే చిన్నరైలు పట్టాలు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఇళ్ల గుమ్మాల్నీ కొట్ల మెట్లనూ రాసుకుంటూ. వదిన కిటికీ వైపు తిరిగి కూచుంది. దారంతా మాట లేదు. అన్న పోయినప్పటి నుంచీ ఇంతే. పట్టుబట్టి తీసుకొచ్చాను, ఈ చలి ఆమెకు పడుతుందో లేదో...

వదిన కొడుకు ఫోను. "అమ్మా, ఏదన్నా కొనాలంటే అత్తమ్మనడుగు. నేను తర్వాత పంపిస్త." పెన్షను ఆమెది. కార్డు వాడి దగ్గర. మంచి పిల్లాడే. అయినా నాకు మింగుడుపడదు.

కాజీపేటలో ఎండ మండిపోతోందట. ఇక్కడ రెండేసి దుప్పట్లు.

ఏప్రిల్ 21

మబ్బు. కాంచన్‌జంగా వైపు ఉందన్న కిటికీ నిండా తెలుపు.

చౌరస్తాలో బెంచీ మీద పొద్దంతా. ఇక్కడ బండ్లు రావు. గుర్రాలు, పావురాలు, ముసలివాళ్లు. బంగారు రంగు విగ్రహం ఎవరిదని అడిగితే, భానుభక్త ఆచార్యట. రామాయణాన్ని నేపాలీలోకి తెచ్చిన కవి, 1814లో పుట్టాడు. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని తపించిన మొల్ల గుర్తొచ్చింది. వదినతో అన్నాను. "రాముడు గీడిదాక వచ్చిండా?" అంది. అంతే. కానీ విగ్రహం వైపు మళ్లీ చూసింది.

ఏప్రిల్ 22

బాత్రూములో రెండు బకెట్లు. అంతకుమించి నీళ్లు అడగొద్దన్నారు. వానలకు ముందు ఇక్కడ ఏటా ఇదే కరువట. ఊరికి నీళ్లిచ్చే సెంచల్ చెరువులు బ్రిటిష్ కాలం నాటివి. అప్పటి ఊరెంత, ఇప్పటి ఊరెంత! మురిక్కాలువల పక్కన సన్నటి పైపులు గుత్తులు గుత్తులుగా, ఏది ఎవరిదో. సందు మలుపులో డబ్బాల వరస, ఆడవాళ్లే అంతా.

వదిన ఒక బకెట్టుతో ఇద్దరి బట్టలూ ఉతికేసింది. రైల్వే క్వార్టర్లలో నేర్చిన పొదుపు. రెండో బకెట్టు ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం మహాకాల్ గుడి. ఒకే గర్భగుడిలో ఒకపక్క పురోహితుడు, ఇంకోపక్క లామా. ఇద్దరి ముందూ వంగింది. ఏం కోరుకుందో అడగలేదు.

ఏప్రిల్ 23

ఘూమ్ దాకా ఆవిరి బండి.

రాయకుండా నిద్ర పట్టదు. స్టేషన్లో ఇంజను చూడగానే వదిన నా చెయ్యి వదిలి ముందుకు వెళ్లిపోయింది. రెండడుగుల వెడల్పు పట్టాలు, 1881 నుంచీ నడుస్తున్న దారి. నీలం రంగు ఇంజను, ఒళ్లంతా నూనె. ముందువైపు ఒకాయన బొగ్గుగడ్డలు పగలగొడుతున్నాడు. బంపరు మీద ఇద్దరు కూచున్నారు, ఒళ్లో ఇసుక. వాళ్లేం చేస్తారని నేనడగకముందే, "పట్టాలు తడిగుంటే చక్రం జారుతది. ఇసుకేస్తే పట్టుకుంటది. మీ అన్న ఇంజన్లకు ఇసుక డబ్బా కిందనే ఉంటుండె, గొట్టంల నుంచి పడేది. పాపం, ఈళ్లు చేత్తోనే ఏస్తున్నరు," అంది.

ఎన్నాళ్లకు ఇన్ని మాటలు!

ఆగలేదు. డ్రైవరు దగ్గరికి వెళ్లి, రైల్వే కాలనీ హిందీలో, మా ఆయన కూడా డ్రైవరే అని చెప్పింది. "ఆవో దీదీ" అంటూ ఫైర్‌బాక్సు తలుపు తెరిచి చూపించాడాయన. ఎర్రటి వెలుగు ఆమె మొహం మీద. వెనక్కి రాలేదు చాలాసేపు.

బతాసియా లూప్ దగ్గర బండి తన దారినే కింద చూసుకుంటూ చుట్టు తిరిగింది. ఘూమ్ 7,407 అడుగులు. దేశంలో ఇంతకన్నా ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. అక్కడి బల్ల మీద కూచుని వదిన చెప్పింది. ఫైర్‌మన్‌గా ఉన్న రోజుల్లో అన్న అంగీలు ఎన్ని నీళ్లల్లో జాడించినా నలుపు పోయేది కాదట. డీజిల్ బండ్లు వచ్చాక చేతులకు సుఖమైందట, కానీ ఆ వాసన పోయినందుకు ఏడ్చిందట.

నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడైనా అడిగానా...

ఏప్రిల్ 24

తెల్లవారుజామున టైగర్ హిల్‌కు జీపులన్నీ పోయాయి. మేం పోలేదు. ఆరున్నరకు వదిన ఆరేసిన బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్లి కేకేసింది. కొండ! అరగంట ఉందేమో.

"గంత పైకుంటదా? నేను కిందెక్కన్నో ఎతుకుతున్న."

నేనూ కిందే వెతికాను. ఆకాశం అనుకున్న చోట ఉంది, 8,586 మీటర్లు.

తర్వాత పర్వతారోహణ సంస్థ. 1954లో మొదలైంది. టెన్జింగ్‌ను దహనం చేసిన చోటే ఆయన స్మారకం. మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇక్కడికొచ్చే శిక్షణ పొందారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగు కూడా నిండలేదు. గురుకుల పాఠశాల పిల్ల. అక్కడ పెట్టిన మంచుబూట్ల ముందు నిలబడితే గొంతు పట్టేసింది. నా తరగతుల్లో ఎంతమంది ఆడపిల్లలు పదో తరగతి దాటకుండానే పెళ్లిపీటలెక్కారు! వాళ్లలో ఎవరికి ఈ కాళ్లున్నాయో, ఎవరు చూశారు?

ఏప్రిల్ 25

హ్యాపీ వ్యాలీ తోట, 1854 నాటిది. మొదటి కోత రోజులు. నిలువు వాలు మీద ఆడవాళ్లు, నుదుటికి పట్టీ, వీపున బుట్ట. రెండాకులు, ఒక మొగ్గ. ఒకామెను కూలి ఎంతని అడిగాం. రోజుకు 250 రూపాయలు.

కొట్లో చిన్న పొట్లం ధర అంతకు రెండింతలపైనే. పాలు లేకుండా ఇచ్చిన టీ, పూల వాసన. తాగుతుంటే ఆ నుదుటి పట్టీయే కళ్లలో. వదిన మాత్రం బయటికొచ్చి, ఆకు కోసే ఆమె చేతిలో తన శాలువా పెట్టేసింది. ఆమె వద్దంది. ఈమె వినలేదు.

ఏప్రిల్ 26, రాత్రి

రేపు పొద్దున దిగుతాం. జీపులో ముందు సీటు కావాలంది వదిన, కర్సియాంగ్ దాకా పట్టాలు కనిపిస్తాయని. ఆగస్టులో రామేశ్వరమట. పాంబన్ కొత్త వంతెన మీద రైలు చూడాలట. ఖర్చు తనదేనట.

ఇందాక కొడుక్కి ఫోను చేసింది. "బిడ్డా, ఇంటికొచ్చినంక నా కార్డు నాకియ్యి. పిన్ నంబరు ఇప్పుడే చెప్పు, అత్తమ్మ రాసుకుంటది." అవతల కాసేపు ఏం వినపడలేదు. చెప్పాడు. రాసి ఆమెకే ఇచ్చాను.

అన్న పోయిన నెలలోనే జరగాల్సిన పని ఇది.