విశాఖలో మూడు రోజులు

విశాఖపట్నం వెళ్ళి వచ్చామని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "సముద్రస్నానం చేశారా?" అని. చేయలేదంటే, కాశీకి పోయి గంగలో మునగకుండా తిరిగివచ్చినవాణ్ణి చూచినట్లు జాలిగా చూస్తారు. నా మట్టుకు నేను, విశాఖ సముద్రం కళ్ళారా చూడవలసినదేగాని దిగి మునగవలసినది కాదని గట్టిగా చెబుతాను. సంక్రాంతి సెలవులలో మా ఆవిడతోనూ, ఇద్దరు పిల్లలతోనూ మూడు రోజులు అక్కడ వుండివచ్చాము. ఏమేమి చూచామో చెబుతూ, నా మాటకు కారణం కూడా మనవి చేసుకుంటాను.

ముందు వూరి వాలకం తెలియాలి. దక్షిణాన ఒక కొండ సముద్రంలోకి మూతి చాచుకుని వుంటుంది. దానినే డాల్ఫిన్ నోస్ అంటారు. ఉత్తరాన కైలాసగిరి. ఈ రెండింటి నడుమ కొడవలిలా వంగిన ఇసుకతీరం. వెనుకవైపు సింహాచలం కొండలు. రైలు కూడా యిక్కడికి వచ్చి గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. హౌరా వైపు పోవలసిన బళ్ళు చాలావాటికి రెండో కొసన ఇంజను తగిలించి, వచ్చిన దిక్కుకే బయలుదేరదీస్తారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి యిది చూచిన మా చిన్నవాడు "బండి దారి మరిచిపోయింది నాన్నా!" అన్నాడు.

రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎదుట వున్న తీరానికి ఆర్.కె. బీచ్ అని పేరు. సాయంకాలం అక్కడ తిరనాళ్ళే. బొరుగుల్లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి యిచ్చే మురీ మిక్చరు విశాఖకే ప్రత్యేకం. అది తినకుండా రావడం మాత్రం తప్పు. అయితే యీ తీరాన్ని చూడవలసిన వేళ తెల్లవారుజాము. మనది తూర్పుతీరం గనుక సముద్రంలోనుంచి సూర్యుడు పైకి వస్తాడు. అయిదు గంటలకే లేవాలి. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మేము వెళ్ళిన ఉదయం ఒక ముసలి జాలరి ఇసుకలో కూర్చుని వల చిక్కులు విప్పుకుంటున్నాడు. ఎదురుగా రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతుంటే, నడుమ కొంతమేర నీరు చెరువులాగా నిమ్మళంగా వున్నది. అక్కడైతే పిల్లలు కాళ్ళు తడుపుకోవచ్చునా అని అడిగాను.

"వొద్దు బాబూ! కెరటం ఇరిగే కాడ నీరు గట్టుకే తోస్తాది. కెరటం నేని కాడే ఎనక్కి పోతాది, మనిసిని అట్టుకు పోతాది," అన్నాడు ఆయన, వల మీదనుంచి తల ఎత్తకుండానే.

పుస్తకాలు చెప్పే సంగతి కూడా అక్షరాలా యిదే. కెరటాలు ఒడ్డుకు మోసుకువచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి గదా! నీటి అడుగున ఇసుకమేటల మధ్య ఎక్కడ లోతైన సందు దొరికితే అక్కడ అది ఏరులా పారుతుంది. అక్కడ కెరటం విరగదు. నీరు కాస్త నల్లగానో, ఇసుక కలిసి మురికిగానో కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఆ నెమ్మదిని చూచి దిగుతారు. ఆ ప్రవాహం మనిషిని అడుక్కు లాగదు, బయటికి లాగుతుంది. ఒడ్డు కనిపిస్తున్నది గదా అని దానికి ఎదురీదినవాడు అలిసి మునుగుతాడు. దాని వెడల్పు సాధారణంగా ఎక్కువ వుండదు గనుక, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడి, ఆ తరువాత కెరటాలతోపాటు గట్టుకు రావాలి. అంత ఈత రానివాడు గింజుకోకుండా తేలుతూ, చేయెత్తి కేక వేయాలి.

విహారయాత్రకు వచ్చిన కుర్రవాళ్ళు కెరటాలకు కొట్టుకుపోయారన్న వార్త యేటా పత్రికలలో చదువుతూనే వున్నాము. కళాశాలలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ వార్త చదివినప్పుడల్లా నా తరగతిలోని బల్లలే కళ్ళముందు మెదులుతాయి. అంతగా నీళ్ళలో దిగాలనిపిస్తే నగరానికి ఉత్తరాన వున్న రుషికొండకు వెళ్ళండి. శుభ్రతకూ, భద్రతకూ యిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దానికి 2020లో వచ్చింది. అక్కడ కూడా కాపలావాళ్ళు వున్నచోటనే, మోకాటి లోతులోనే సుమండీ!

తీరంలోని ఇసుక కథ కూడా వినతగ్గది. సంవత్సరంలో ఎక్కువ నెలలు కెరటాలు ఏటవాలుగా తగులుతూ ఇసుకను దక్షిణాన్నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. రేవు కట్టకముందు ఆ ఇసుక స్వేచ్ఛగా సాగిపోయేది. 1933లో రేవు తెరిచారు. కొండచాటున సహజంగా వున్న ఆ రేవు నోటిని కెరటాల నుంచి కాపాడటానికి రెండు పాత ఓడలను రాళ్ళతో సహా అక్కడ ముంచారు. తరువాత 1970లలో బయటి రేవు, దానికి పెద్ద అడ్డుకట్టలు వచ్చాయి. అడ్డుకట్టలు ఓడలను కాచాయి, ఇసుకను ఆపాయి. అందుచేత ఆగిన ఇసుకను యంత్రాలతో తవ్వి, నీటితో కలిపి గొట్టాల ద్వారా నగర తీరంలో పోయవలసి వస్తున్నది. మనం చెప్పులు విడిచి నడిచే ఇసుకలో కొంత యిలా మనుషులు తెచ్చి పోసినదే! పోయడం వెనకబడితే కెరటాలు రోడ్డు అంచుదాకా తినివేస్తాయి. కూలిన గోడలు, బయటపడిన రాళ్ళు మేము కళ్ళారా చూచాము.

తీరం మీద పిల్లలకు అన్నిటికన్న నచ్చినది కుర్సురా జలాంతర్గామి. 1969లో మన నావికాదళంలో చేరి, 2001లో విరమించిన యీ నౌకను ఇసుకమీదికి లాగి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదిలోనుంచి మరొక గదిలోకి గుండ్రని కంతల్లో కాలు ముందు పెట్టి దూరాలి. మా ఆవిడ పావు వంతు దూరంలోనే "యిందులో వంట ఎక్కడ చేసేవారండీ?" అని అడిగింది. చూపించారు, మన యింట్లో గూడంత చోటు. డెబ్భైమందికి పైగా నావికులు రోజుల తరబడి సూర్యుణ్ణి చూడకుండా అందులో వుండేవారట.

దగ్గరలోనే 1971 యుద్ధవిజయానికి స్మారకం వున్నది. ఆ సంవత్సరం డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందర మునిగిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్లనని మనవారు, లోపలే పేలుడు జరిగిందని వారు అంటారు. లోపల వున్నవారెవరూ బతకలేదు. కుర్సురా గదుల్లోనుంచి బయటికి వచ్చి ఆ నీటివైపు చూస్తే, శత్రువులైనా సరే, గొంతు పట్టుకున్నట్లవుతుంది.

రెండవరోజు పొద్దున్నే చేపలరేవుకు పోయాము. వాసనకు భయపడేవారు మానుకోవచ్చునుగాని, నాకు ఆ వూరి అసలు ముఖం అక్కడే కనిపించింది. కోనాం, చందువా, రొయ్యలు కుప్పలు పోసి వేలం వేస్తుంటే, బేరం నడిపేది చాలామట్టుకు ఆడవారే. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో యీ సందడి వుండదు. దగ్గరలో మూడు కొండలు వరుసగా వున్నాయి. ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి. రేవులోకి వచ్చే ఓడలను పైనుంచి చూడటానికి యింతకన్న మంచి చోటు లేదు. కైలాసగిరి మీద శివపార్వతుల పెద్ద విగ్రహాలు, తీగమీద నడిచే పెట్టె, పిల్లల రైలు వున్నాయి. అందరూ చూసేదే గనుక ఎక్కువ చెప్పను. సింహాచలం అప్పన్నను దర్శించుకుని, శ్రీశ్రీ, రావిశాస్త్రి తిరిగిన పాతవూరి వీధులలో నేనొక్కణ్ణీ కాసేపు తిరిగివచ్చాను.

మూడవరోజు భీమిలి దారి. నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరాన తొట్లకొండ వున్నది. 1976లో నావికాదళంవారు విమానంలోనుంచి పరిశీలిస్తుండగా బయటపడిన బౌద్ధారామం యిది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు. వానచుక్కను వదలకుండా నింపుకుని, రెండువేల యేళ్ళనాడు భిక్షువులు అక్కడ బతికారు. రోమన్ వెండినాణేలు కూడా దొరికాయంటే వారికి సముద్రం అడ్డు కాదని, దారి అని తెలుస్తున్నది. నా ఓటు అడిగితే, విశాఖలో సముద్రాన్ని చూడవలసిన చోటు యిదే. జనం లేరు, గాలి, ఇటుకలు, కింద నీలంగా నీరు.

తరువాత ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టిగాని అది ఇసుకే. మంచుయుగంలో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు ఆరిన ఇసుకను గాలి తెచ్చి పోసింది. వేల యేళ్ళలో అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రనైంది. వాననీరు దాన్ని కోసి గోడలుగా, సందులుగా చేసింది. చేయి తగిలితే రాలుతుంది. పిల్లలను ఎక్కనివ్వకండి. దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు గాని, 2024లో దిబ్బల పక్కనే నేల చదును చేస్తున్నారని గొడవ జరిగింది. గాలి అంతకాలం కష్టపడి కట్టినదాన్ని యంత్రం ఒక్క పూటలో చదును చేస్తుంది.

భీమిలి చేరేసరికి నాలుగయింది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు అది. డచ్చివారి సమాధులు గోపురాల్లా నిలబడి వున్నాయి. రాళ్ళమీద వారి అక్షరాలు యిప్పటికీ కొన్ని చదవవచ్చు. వర్తకానికని యింతదూరం వచ్చి, తిరిగి ఓడ ఎక్కనివారు. మా పెద్దమ్మాయి ఒక రాయిమీది పేరును కూడబలుక్కుని చదువుతూ వుండగానే, చివరి బస్సుకు ముందు బస్సు వచ్చిందని ఎవరో కేక వేశారు.