బరిలోని పోరు, బరి వెలుపలి పోరు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో కుస్తీ నేర్పు తావును తాలీమని వ్యవహరింతురు. అచటి ఎఱ్ఱమట్టిని గుల్లగా త్రవ్వి, నూనె కలిపి మెత్తపఱతురు. లంగోటా బిగించిన పడుచువాడు ఆ మట్టిని కన్నులకద్దుకొని గాని లోన అడుగుపెట్టడు. పోరునకు ముందు పిడికెడు మట్టి మేనికి పూసికొనును. చెమటకు చేయి జాఱక ఎదుటివానికి పట్టు దొరకుటకై చేయు పని యిది. తన్ను పట్టుకొనుటకు శత్రువునకు సాయపడువాడు లోకమున నుండునా? కుస్తీ యెంత ఘోరముగా కనబడినను ఆటయే యనుటకు ఆ పిడికెడు మట్టి సాక్ష్యము.

పొరుగుననే, నిజామాబాదు జిల్లాలో బోధనుకు చేరువగా హున్సా గ్రామము కలదు. హోలీనాటి సాయంకాలము అచట మొదట కుస్తీలు, పిమ్మట పిడిగుద్దులాట జరుగును. నడుమ త్రాడు కట్టి, ఊరివారు రెండు పక్షములై, ఒకచేత త్రాడు పట్టుకొని వేఱొకచేత ఎదుటివారిని గ్రుద్దుదురు. నెత్తురు కాఱుటయు కలదు. ఆట ముగిసినంతనే కౌగిలించుకొని, గాయములకు కామదహనపు బూడిద రాచుకొందురు. పోలీసువారు వలదన్న సంవత్సరములును లేకపోలేదు.

ఇక త్రాడు లేని పోరు. 1940లో ఆదిలాబాదు అడవులలోని జోడేఘాటు వద్ద, భూమిపై హక్కు కోరిన గోండులు నిజాము పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచిరి. కొమురం భీము నేలకొరిగెను. అచట కౌగిలింతకు చోటు లేదు. అట్టి పోరునకు సిద్ధపడువాని చూపే వేఱు. ఎదుటివారెందఱు, వారి చేతనేమున్నది, తొలగిపోవు త్రోవ యేది యని వాడు ముందుగా చూచును.

చైనాదేశపు యుద్ధవిద్యల గురువులు పలువురు ఈ రెండవ చూపే తమదని చెప్పుకొందురు. కన్నుపై, కంఠముపై తాము కొట్టు దెబ్బలు బరిలో నిషిద్ధములు గనుక, తమ విద్యను బరిలో కొలువరాదని వారి వాదము. ఇది బొంకు గాదు. పూర్తిగా నిజమును గాదు. 1954లో మకావు నగరమున తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీ, తెల్లకొంగ సంప్రదాయపు చాన్ హక్‌ఫూ జనసమూహము నెదుట తలపడిరి. ఒకరి ముక్కునుండి నెత్తురు కాఱెను. రెండవ విడతలోనే నిర్ణేతలు పోరు నాపి, గెలుపోటములు లేవనిరి. ఏండ్లకొలది సాధించిన సొగసైన భంగిమలు ఆ తొట్రుపాటులో అంతగా కానరాలేదు. ఎదురు తిరుగువాడు లేని సాధనకు ఆ లోపము తప్పదు. తాలీములోని కుఱ్ఱవాడో, దినమునకు పదిమార్లు నేలబడి లేచును. దెబ్బ తగిలినంతనే వానికి తెలివి తప్పదు.

అయినను, దంగలులో గెలిచి ఇంటికి మఱలు ఆ కుఱ్ఱవానికి చీకటిసందున కత్తి పట్టినవాడు ఎదురైనచో ఏమగును? ఎదుటివాని వెన్ను నేలకు తాకగానే పట్టు విడుచుట వాని చేతికి అలవాటు. కత్తి అలవాటు గాదు. అందుచేతనే తెలిసిన ఉస్తాదు పట్లన్నియు నేర్పి, బజారున జగడము కనబడినచో పక్కసందున తొలగిపొమ్మనును. పొగరెక్కిన శిష్యునకు ఈ మాట చేదు. లోలోన నవ్వుకొనును కూడ. ఉస్తాదు కోపపడడు. మఱునాటి వేకువ మట్టి త్రవ్వుటకు పాఱ వాని చేతికే యిచ్చును.