దుందుభి వెంట

దుందుభి అంటే పెద్ద భేరి. వాగుకు ఆ పేరు ఊరికే రాలేదు. వానాకాలం రాత్రి పొంగి వస్తుంటే ఆ చప్పుడు దూరానికే వినపడేదని పెద్దవాళ్లు చెబుతారు. షాబాద్ గుట్టల్లో పుట్టి, పాలమూరు పొలాల మీదుగా ఆగ్నేయంగా నడిచి, డిండి దాటి కృష్ణలో కలుస్తుంది. పటాల్లో డిండి నది అని ఉంటుంది. ఒడ్డు ఊళ్లలో అడిగితే చాలామందికి అది పెద్దవాగే.

జడ్చర్ల, మిడ్జిల్ వైపు నడిస్తే చాలాచోట్ల వాగు కంటే గోతులే కనిపిస్తాయి. ఇక్కడి ఇసుక ఏళ్లతరబడి లారీలకెక్కి హైదరాబాద్ మేడలైంది. ఇసుక ఉన్ననాడు నడి ఎండాకాలంలో కూడా చెలిమె తోడితే నీళ్లూరేవి. ఇసుక పోయాక ఊట పోయింది, ఒడ్డు బావులు అడుగంటాయి. ఎడ్లతో నీళ్లు తోడే మోటను ఆపింది కరెంటు మోటారైతే, ఆ మోటారు కింద మిగిలిన బావిని ఆపింది ఇసుక లారీ.

మోట పాట గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎడ్లు వాలులో కిందికి దిగుతుంటే మోకు బిగుస్తుంది, గిరక కిర్రుమంటుంది, తోలు తొండం నీళ్లతో పైకొస్తుంది. మోట కొట్టేవాడు ఆ మోకు మీదే కూచుని తన బరువు కూడా కలుపుతాడు. నీళ్లు కాలువలో పడ్డాక ఎడ్లు వెనక్కి అడుగులేస్తూ పైకి ఎక్కాలి. దిగేటప్పుడు పాట సాగుతుంది, ఎక్కేటప్పుడు తెగుతుంది. ఆ రాగాన్ని మనిషి ఒక్కడే కట్టలేదు. ఎద్దు నడక, బావి లోతు కలిసి కట్టాయి. నాటు పాటా అంతే. కైకిలి ఆడవాళ్లు వరసగా వంగి వెనక్కి జరుగుతుంటే ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎవరి చేయి వెనకపడినా పాట చెప్పేస్తుంది. అందుకే ఈ పాటలను వినోదం కింద లెక్కగట్టడం నాకు నచ్చదు. అవి పనిముట్లు.

కల్వకుర్తి నుంచి రఘుపతిపేట దగ్గర వాగు దాటితే తెలకపల్లి మండలం గౌరారం దగ్గరే. కవి గోరటి వెంకన్న పుట్టిన ఊరు. తండ్రి యక్షగాన కళాకారుడు. ఈ వాగు ఎండిపోవడాన్ని చూసే ఆయన వాగు పాట కట్టారు. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా చేరిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటనైతే నేను పాలమూరు చేతిపనుల చిట్టాగానే వింటాను. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిశ పేరుపేరునా అందులో ఉన్నాయి. బాడిశ చేత పట్టని పిల్లలకు ఆ మాట తెలిసిందంటే ఆ పాట వల్లే. 2021లో ఆయన కవితా సంపుటి ‘వల్లంకి తాళం’కు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. వాగు ఒడ్డు నుడికారానికి దక్కిన గౌరవం అది.

వాగును కాసేపు విడిచి నల్లమల వైపు వెళ్తే లింగాల మండలం అవుసలికుంట వస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య ఊరు అది. వెదురు, సొరబుర్రలు, తేనెమైనం కలిసి అంత వాద్యమైంది. దొరలను దోచి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ ఆ కిన్నెర మీదే తరాలు దాటింది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివారులో ఇంటి నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. పతకం ఇవ్వగలిగినవాళ్లం నెలనెలా తిండికి లోటు లేకుండా చూడలేకపోయాం. ఇది మన తప్పే.

పాలమూరు మనిషికి కూలి బతుకు కొత్త కాదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి మూటాముల్లె కట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి పోయాడు. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశమంతా పాకింది. మళ్లీ వాగు దగ్గరికొస్తే, అది డిండి చెరువు దాటి చందంపేట వైపు దిగి కృష్ణలో కలిసేచోట నాగార్జునసాగర్ నీళ్లే ఉంటాయి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ రాతి ఆనకట్టకు వాళ్లూ రాళ్లు మోశారు. ఎండిన వాగు మనుషులు నిండు జలాశయాన్ని కట్టారు. శంకుస్థాపన ఎవరు చేశారో శిలాఫలకం చెబుతుంది. రాయి ఎవరు మోశారో పాలమూరు వలస పాటలనే అడగాలి.

ఇప్పుడు ఎల్లూరు దగ్గర కృష్ణ నీటిని ఎత్తిపోసి కల్వకుర్తి పొలాలకు తెస్తున్నారు. మళ్లీ వరి పచ్చబడింది, సంతోషం. అయితే నీటిని మోటారు ఎత్తినట్టు పాటను ఎత్తే యంత్రం లేదు. మీ ఇంట్లో నాటు పాటో, మోట పాటో, ఇసుర్రాయి పాటో వచ్చిన ముసలామె ఉంటే వచ్చే పండక్కే పక్కన కూచోండి. పాటను ఫోన్లో ఎక్కించి ఊరుకోకండి. ఆ పని ఎలా చేసేవారో, చేతిలో ఏ పనిముట్టు ఉండేదో, దాన్ని ఏమనేవారో అడిగి, ఆమె పేరుతో సహా రాసిపెట్టండి.