దీమం పిట్ట అడిగిన ప్రశ్న

పోయిన ఫాల్గుణంలో ఓ రోజు తెల్లవారకముందే మా ఊరి నుంచి చిన్ననాటి నేస్తం ఫోన్ చేశాడు. "మావాణ్ణి ఫారెస్టోళ్లు పట్టుకుపోయార్రా. నాలుగు కౌజులు, దీమం పిట్ట, ఉచ్చులు అన్నీ దొరికినయ్. నువ్వు లా చదివినోడివి, ఒకసారి రా" అన్నాడు. పెట్టేసేముందు ఇంకో మాట కూడా అన్నాడు. "వాడికి నేర్పింది నేను. నాకు నేర్పింది నువ్వే గదరా."

బస్సులో దారి పొడుగునా ఆ చివరి మాటే చెవిలో తిరిగింది.

మాది పల్నాడు. పత్తి తీసేసి, మిరప కోతలు ముగిసే రోజుల్లో బీళ్లలోనూ తుమ్మ కంపల్లోనూ కౌజులు గట్టిగా కూయడం మొదలెడతాయి. జతకట్టే కాలం దగ్గరపడుతుంది. మగ కౌజు తన జాగాలో ఇంకో మగదాని కూత వింటే ఊరుకోదు, మెడ నిక్కించుకుని కొట్లాటకు వస్తుంది. వేటగాడు నమ్ముకునేది ఆ రోషాన్నే. అలా అడవి పిట్టల్ని రప్పించడానికి పెంచుకునే పిట్టను దీమం పిట్ట అంటారు.

నాకు పన్నెండేళ్లప్పుడు పొదలో దొరికిన గుడ్లను కోడి కింద పొదిగించాను. బతికిన ఒక్క పిల్లకూ చెదలు ఏరి తినిపించి పెంచాను. అది నా మడమల వెంటే నడిచేది. చీకటి ఉండగానే నలుగురం నేస్తులం పంజరం మీద గుడ్డ కప్పుకుని బయల్దేరేవాళ్లం. కంప పక్కన పంజరం పెట్టి, చుట్టూ గుర్రపు తోక వెంట్రుకలతో పేనిన ఉచ్చులు నాటి, గుడ్డ తీసేవాళ్లం. వెలుగు తగలగానే అది కూసేది. కూయని రోజున నేను కూసేవాణ్ణి. మా జట్టులో అచ్చం పిట్టలా కూయగలిగింది నేనొక్కణ్ణే. అడవి పిట్ట నమ్మి వచ్చి, పంజరం చుట్టూ తిరిగి, కాలు ఉచ్చులో పెట్టేది.

ఆ సాయంత్రం మా ఇళ్లలో కూర వాసన వచ్చేది. మా పల్లెలో కూర ఉడికే రోజులు తక్కువ. ఆ ఆకలిని నేను ఇవాళ కూడా తప్పుపట్టను. కానీ నిజం చెప్పాలంటే నన్ను తెల్లవారుజామున లేపింది ఆకలి ఒక్కటే కాదు. నా కూతకు ఒక ప్రాణి మోసపోయి వస్తుంటే కలిగే గర్వం కూడా. నేస్తులు అడిగితే ఆ కూత వాళ్లకూ నేర్పాను.

చాలా ఏళ్ల తరువాత దీక్ష తీసుకున్నాను. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో సకల ప్రాణులపట్ల కరుణ కలిగి ఉంటాననేది ఒకటి. అది పలికినప్పుడు నాకు కౌజులు గుర్తుకు రాలేదు. అదంతా చిన్నతనం ఆట, ఎప్పుడో అయిపోయిందనుకున్నాను.

జాతక కథలు చదువుతుండగా తిత్తిర జాతకం ఎదురైంది. 319వది. ఒక వేటగాడు కౌజును పట్టి దీమంగా మలిచాడు. తన కూతకు వచ్చి తనవాళ్లే చస్తున్నారని అది నోరు మూసుకుంది. వేటగాడు వెదురుకర్రతో తలమీద కొట్టాడు. నొప్పికి అది అరిచింది, ఆ అరుపుకు ఇంకా పిట్టలు వచ్చాయి. ఒకనాడు వేటగాడు బుట్ట నిండా పిట్టల్ని పట్టుకుని, దాహానికి ఒక తాపసి ఆశ్రమానికి వచ్చి, నీళ్లు తాగి, ఇసుకలో పడుకుని నిద్రపోయాడు. అప్పుడు పంజరంలోని పిట్ట తాపసిని అడిగింది, ఈ పాపం నాదా అని. నీ మనసులో ఆ పాపపు తలపు లేనప్పుడు అది నిన్ను అంటదని తాపసి చెప్పాడు. ఆ తాపసి బోధిసత్వుడు. ఆ పిట్ట తరువాతి జన్మలో రాహులుడు.

చేతనే కర్మ అన్న బుద్ధుని బోధను ఇంతకన్నా తేలిగ్గా చెప్పే కథ నాకు తెలియదు. కానీ కోర్టు వరండాల్లో తిరిగిన నాకు ఆ కథ చివర ఒక చోట మనసు ఆగిపోతుంది. పిట్ట నిర్దోషి అని తేలింది. వేటగాడు లేచాడు, నమస్కరించాడు, పంజరం పట్టుకుని వెళ్లిపోయాడు. తీర్పు వచ్చింది కానీ తలుపు తెరుచుకోలేదు. మన పేటల్లో అలాంటి తీర్పులు నేను చాలా చూశాను.

రేంజి ఆఫీసులో మావాడి కొడుకు నేలమీద కూర్చుని ఉన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడమే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర చూపడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తరువాత లక్ష రూపాయల దాకా జరిమానా. పిట్టలు ఎవరికోసం అని అడిగాను. హైవే పక్క హోటలుకు అన్నాడు. ముందుగా చెప్పి వేయించుకుని తినేవాళ్లు ఉన్నారట. వాళ్లలో ఒక్కరి పేరూ కేసులో లేదు. ప్రాణుల వ్యాపారం, మాంసం వ్యాపారం చేయవద్దని బుద్ధుడు ఉపాసకులకు చెప్పాడు. కొనే చేయి లేకపోతే ఆ వ్యాపారం ఎక్కడిది?

బెయిలు దొరికింది. పిట్టల్ని వదిలేయమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చారు. బీడులోకి తీసుకెళ్లి వదిలితే నాలుగూ బుర్రుమని కంపల్లోకి పోయాయి. దీమం పిట్ట మాత్రం పోలేదు. పంజరంలోంచి దిగి, అటూ ఇటూ చూసి, కుర్రాడి కాళ్ల దగ్గరకు వచ్చి నిలబడింది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అదీ రెండడుగులు వేసింది. గార్డు తరిమాడు. అది చుట్టు తిరిగి మళ్లీ వాడి మడమల దగ్గరకే వచ్చింది. చివరకు దాన్ని జూకు పంపారు. తలుపు తెరిచినా సరిపోదని ఆరోజు నాకు అర్థమైంది. బయట బతకడం దానికెవరూ నేర్పలేదు.

తిరిగి వస్తూ కుర్రాడితో అన్నాను, "మీ నాన్నకు ఆ కూత నేర్పింది నేనే నాయనా." వాడు తల ఎత్తకుండా అన్నాడు, "అది నాకెందుకు పెదనాన్నా. మానెయ్యమని చెప్పడానికి వచ్చావా, ఇంకో పని చూపించడానికి వచ్చావా?"

ఆ దీమం పిట్టకు తాపసి ఇచ్చిన జవాబు నాకు వర్తించదు. నా తలమీద ఎవరూ వెదురుకర్ర పెట్టలేదు. గర్వంగానే కూశాను, గర్వంగానే నేర్పాను. కాబట్టి నా బాకీ నేను తీర్చాలి. వాడు కొన్న పాత ఆటోకు హామీ ఉన్నాను. కొన్ని కిస్తీలు కట్టాడు, రెండు తప్పాడు, ఆ రెండూ నేను కట్టాను. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకు వాడితో పాటు నేనూ వెళ్తున్నాను.

మొన్న వాయిదాకు ముందురోజు ఊళ్లోనే పడుకున్నాను. తెల్లారకముందు నేనూ నేస్తుడూ చెరువు కట్ట మీద కూర్చున్నాం. కంపల్లోంచి కౌజు కూసింది. ఇన్నేళ్ల తరువాత కూడా నా గొంతు దానంతటదే బిగిసింది. నేస్తుడు నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. కాసేపటికి దూరాన బీట్లోంచి ఇంకో కౌజు దానికి బదులు పలికింది.