అడిగిన దానిని బట్టి జవాబు

మహబూబ్‌నగర్‌లో మా వీధి మలుపున కిరాణా దుకాణం నడిపే చాచా, ఉర్దూలో ధర అడిగినవారికి ఉర్దూలోను, తెలుగులో అడిగినవారికి తెలుగులోను బదులు చెబుతారు. అడిగేవారి నోట మొదటి మాట వెలువడగానే జవాబు ఏ భాషలో రావలెనో నిశ్చయమైపోతుంది. ఆయన తన బాకీ ఖాతాలను కంప్యూటరులోకి ఎక్కించే పని నాకు అప్పగించినప్పుడు, ఇంత సహజమైన విషయమే నన్ను ముప్పుతిప్పలు పెట్టింది.

నేను ఎన్నుకొన్నది టైప్‌స్క్రిప్ట్. జావాస్క్రిప్ట్‌కు రకాల కట్టుబాటు కల్పించి మైక్రోసాఫ్ట్ సంస్థ 2012లో వెలువరించిన భాష ఇది. ప్రోగ్రాం నడపక ముందే తప్పులు పట్టడం దీని ప్రయోజనం. ఖాతా వెదకడానికి ఒకే ఫంక్షన్ వ్రాశాను: నంబరు ఇస్తే ఒక ఖాతా, పేరు ఇస్తే ఆ పేరుగల వారందరి జాబితా. మా పేటలో ఒకే పేరుగలవారు ఎందరుంటారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు! జవాబు 'ఖాతా లేదా జాబితా' అని ప్రకటిస్తే, వాడిన ప్రతిచోటా ఏది వచ్చినదో మళ్లీ విచారించుకోవలెను. అందుచేత ఓవర్‌లోడ్ పద్ధతిని అవలంబించి, నంబరుకు ఒకటి, పేరుకు ఒకటి, రెండు ప్రకటనలు పైన వ్రాశాను. పిలిచేవారికి అంతా సుఖమే. అయితే ఫంక్షన్ లోపలి భాగాన్ని కంపైలర్ ఆ రెండు ప్రకటనలతో విడివిడిగా సరిపోల్చదు; రెండింటిలో ఏదో ఒకటి వస్తే చాలునని ఊరుకొంటుంది. పేరు వచ్చినచోట, జాబితాకు బదులు, దొరికిన మొదటి ఖాతాను మాత్రమే నేను తిరిగి పంపాను. కంపైలర్ కిమ్మనలేదు. నంబరుతో మాత్రమే పరీక్షించి చూసుకొన్న నా సోమరితనమూ దానికి తోడైంది.

నెల మొదటి తారీఖున ఒక వృద్ధురాలు కొంగుముడి విప్పుతూ బాకీ కట్టడానికి వచ్చింది. పేరు కొట్టగానే ప్రోగ్రాం ఆగిపోయింది. ఆమె వెనుక జనం. చాచా నన్నేమీ అనలేదు. బల్ల క్రింది నుండి ఎర్ర అట్ట పుస్తకం తీశారు.

ఆ రాత్రి, 2018లో 2.8వ వెర్షన్‌తో వచ్చిన షరతు రకాలను ప్రయత్నించాను. 'నంబరైతే ఖాతా, కాకుంటే జాబితా' అని రకంలోనే వ్రాసుకొనవచ్చును. ఇక్కడ అందుకు విపరీతం ఎదురైంది. వచ్చినది నంబరేనని లోపల పరీక్షించి చూపినా, కంపైలర్ ఆ పరీక్షను జవాబు రకానికి అన్వయించుకోలేదు. సరైన ఖాతానే పంపుతున్నా ఒప్పుకోలేదు. 'యాజ్' అనే మాట చేర్చి దాని నోరు మూయించవచ్చును. మూయిస్తే ఉదయపు తప్పు మళ్లీ దాగుతుంది. మొదటి పద్ధతి నన్ను అతిగా నమ్మింది, రెండవది బొత్తిగా నమ్మలేదు.

చివరకు నంబరుకు ఒక ఫంక్షన్, పేరుకు మరొకటి వేరుగా వ్రాశాను. సొగసు తక్కువే, కాని ఒకదానికి బదులు మరొకటి పంపితే ఇప్పుడు ఎర్రగీత పడుతుంది. చాచా దానినే వాడుతున్నారు. ఎర్ర అట్ట పుస్తకంలోనూ వ్రాసుకొంటూనే ఉన్నారు. ఆపమని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.